మెంతుల డబ్బా, ప్రధాన శాఖ

సత్యవేణి వంటింట్లో మెంతుల డబ్బా పదకొండేళ్లుగా ఎవరి సాయమూ లేకుండా పనిచేస్తోంది. పాల లెక్కలో మిగిలిన చిల్లర, పాత పేపర్లు అమ్మిన డబ్బు, మొగుడి చొక్కాలు ఇస్త్రీ బండికి వెయ్యకుండా తనే ఇస్త్రీ చేసినందుకు మిగిలిన పదులూ ఇరవైలూ అన్నీ అందులోకే వెళ్లేవి. అడుగున డబ్బు, దాని మీద మడత పెట్టిన క్యాలెండరు కాగితం, ఆపైన మూడు వేళ్ల మందాన మెంతులు. బియ్యం డబ్బాలో దాచుకుంటే అత్తగారు రోజూ చెయ్యి పెడుతుంది. పంచదార డబ్బాలో అయితే మొగుడు పెడతాడు. మెంతుల జోలికి మాత్రం ఎవరూ పోరు. చేదు వస్తువుకున్న భద్రత ఇనప్పెట్టెకి కూడా లేదని ఆమె అనుభవం మీద తెలుసుకుంది.

ఇప్పుడా డబ్బాలో పదహారువేల నాలుగువందల యాభై రూపాయలున్నాయి. వాటితో ఏం చెయ్యాలో కూడా ఆమె నిర్ణయించుకుంది. సెంటర్లో వెంకన్నబాబు టిఫిన్ హోటల్ ఎత్తేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుంటున్నాడు. అతని పది లీటర్ల గ్రైండరు పద్నాలుగు వేలకి బేరం కుదిరింది. అదొస్తే ఇంట్లోనే దోసెల పిండి రుబ్బి అమ్ముకోవచ్చు. వీధిలో నలభై రెండు ఇళ్లుంటే, ఇరవై ఆరిళ్ల వాళ్లు పిండి ఇస్తే తీసుకుంటామన్నారు. వాళ్లలో అప్పు పెట్టేవాళ్లు ఎవరో కూడా సత్యవేణి విడిగా రాసి పెట్టుకుంది. మొగుడు త్రిమూర్తులుకి మాత్రం ఇంకా చెప్పలేదు. అతను రైసుమిల్లులో కాటా దగ్గర గుమస్తా. అతనికి చెబితే మిల్లుకి చెప్పినట్టే. మిల్లులో పద్దెనిమిది మంది ఉన్నారు, పద్దెనిమిది మందికీ గ్రైండర్ల గురించి బాగా తెలుసు.

సరిగ్గా ఈ సమయంలోనే గృహాంతర పొదుపు అభివృద్ధి సంస్థ వారు జీడిపప్పు పళ్లేల ముందు సమావేశమయ్యారు. ఇళ్లలో డబ్బాల్లో ఉన్న సొమ్ము కోట్లలో ఉంటుందని ఒక సర్వే తేల్చింది. ఆ సొమ్ము ఏ స్థితిలో ఉందని అధ్యక్షులవారు అడిగారు. భద్రంగా ఉందన్నారు. ఎవరి పర్యవేక్షణలో ఉందన్నారు. ఎవరి పర్యవేక్షణలోనూ లేదన్నారు. మరైతే భద్రంగా ఎలా ఉందని అధ్యక్షులవారు అడిగితే అందరూ జీడిపప్పు పళ్లేలు దగ్గరికి లాక్కున్నారు. సాయంత్రానికల్లా "ఇంటింటా శాఖ" అనే పథకం తయారైంది. "మీ డబ్బా, మా శాఖ" అని గోడల మీద రాయించారు.

మల్లిపురం పట్నంలో ఆ పథకం బాధ్యత పర్యవేక్షణాధికారి భుజంగరావుగారి మీద పడింది. ఆయన పొడుగాటి సంచీ భుజాన వేసుకుని ఒక మంగళవారం మధ్యాహ్నం సత్యవేణి ఇంటికొచ్చారు. అప్పుడు త్రిమూర్తులు భోజనం చేస్తున్నాడు. అత్తగారు సూరాయమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది.

"అమ్మా, తమ గృహమునందు పొదుపు డబ్బాలు ఎన్ని కలవు?" అన్నారు భుజంగరావుగారు.

"పొదుపు డబ్బాలేం లేవండి. అన్నీ వంటింటి డబ్బాలే."

"వానిలో నగదు కలిగినవి?"

త్రిమూర్తులు అన్నంలో చెయ్యి ఆపి పెళ్లాం వంక చూశాడు.

"మెంతుల్లో చూడండి బాబూ," అంది సూరాయమ్మ చింతపండు మీంచి తల ఎత్తకుండా.

"మీకెలా తెల్సండీ అత్తయ్యా?"

"ఎన్ని వాడినా ఆ డబ్బాలో మెంతులు పైకే వస్తన్నాయి గానీ కిందకి దిగట్లేదు. నాకింకా కళ్లు పోలేదమ్మాయ్."

డబ్బా దింపారు. మెంతులు చేటలో పోశారు. భుజంగరావుగారు నోట్లు లెక్కపెట్టి, చిల్లర లెక్కపెట్టి, మొత్తం పైకి చదివారు.

"పదహారు వేలా!" అన్నాడు త్రిమూర్తులు. "మొన్న టైరు పంచరైతే కొత్తదానికి ఎనిమిదొందలు లేవని మిల్లు దాకా బండి నెట్టుకుంటా పోయానే!"

"మీరు నెట్టుకుంటా పోబట్టే పదహారు వేలయ్యాయి," అంది సత్యవేణి.

"దంపతులు ఆవేశపడవద్దు," అన్నారు భుజంగరావుగారు. "ఈ డబ్బు తమదే. తమ వద్దనే ఉంటుంది. సంస్థ దీనిని తాకదు. కేవలం గుర్తిస్తుంది."

"గుర్తిస్తే ఏమవుద్దండి?"

"గుర్తించబడుతుంది."

"గుర్తించకపోతేనండీ?"

"గుర్తింపు లేని నిల్వగా పరిగణింపబడుతుంది. పిమ్మట విచారణ."

సత్యవేణి సంతకం పెట్టింది. మెంతుల డబ్బా మీద "ప్రధాన శాఖ" అని పచ్చ కాగితం అంటించారు. మూతకి రంధ్రం చేసి దారంతో ఒక పెన్ను కట్టారు. ఆ పెన్ను ఎవరూ ఎత్తుకుపోకుండానట. నూట పద్దెనిమిది పేజీల నియమావళి, మూడు రిజిస్టర్లు, స్టాంపు ప్యాడు, బహుమతిగా ప్లాస్టిక్ టీ వడపోత ఇచ్చారు.

"ఇకనుంచి తమరే శాఖా మేనేజరు," అన్నారు భుజంగరావుగారు. "తమరే కేషియరు. తమరే ఖాతాదారు. అయితే ఈ ముగ్గురూ ఏకకాలమందు ఒకే వ్యక్తి కారాదు."

"మరి నేనో?" అన్నాడు త్రిమూర్తులు.

భుజంగరావుగారు నియమావళి తిప్పి చూశారు. "తమరు ప్రజలు."

"మా అత్తయ్యండీ?"

"వృద్ధులు. ప్రాధాన్య రంగం."

"నేను రంగాన్నా?" అంది సూరాయమ్మ. ఆవిడకి కోపం రావాలో సంతోషం రావాలో తేలలేదు.

*

శాఖ పనివేళలు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా భోజన విరామం. ఆదివారాలూ రెండో శనివారాలూ సెలవు. నాలుగు కాగానే డబ్బా మూత మీద తేదీ వేసిన కాగితపు పట్టీ అంటించాలి. మర్నాడు పదింటికి గానీ అది చింపకూడదు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి త్రిమూర్తులు క్యారేజీ కట్టించుకుంటూ పులుసు రుచి చూశాడు.

"ఇదేటే, పులుసు పులుసులా లేదు?"

"మెంతులు వెయ్యలేదండి. శాఖ పదింటికి గానీ తెరవరు."

"రెండు మెంతులేనే!"

"రెండైనా రెండొందలైనా శాఖ ఆవరణలో ఉన్న చరాస్తేనంట. ముప్పై నాలుగో పేజీ."

సత్యవేణి కాలేజీలో బీకాం చదివింది. ఒక పుస్తకం చేతికిస్తే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవడం, చదివింది చదివినట్టు పాటించడం ఆమెకలవాటు. పప్పు డబ్బాకి పప్పు, ఉప్పు డబ్బాకి ఉప్పు అని కాగితాలు అంటించుకున్న మనిషి. నియమావళి ఆమె చేతిలో పడినందుకు ఆ సంస్థ వారు ఎంతో సంతోషించాలి.

వారం తిరక్కుండానే ఆమె కొట్టునుంచి పావుకిలో మెంతులు తెప్పించి గాజు సీసాలో పోసుకుంది. తనిఖీకొచ్చిన భుజంగరావుగారు ఆ సీసా దగ్గర చాలాసేపు నిలబడిపోయారు.

"ఇది అనుబంధ శాఖయా?"

"కాదండి. ఉత్త మెంతులు. ఇందులో డబ్బులేం లేవండి."

"ప్రస్తుతానికి," అని ఆయన సీసా మీద కూడా పచ్చ కాగితం అంటించి వెళ్లారు. ఆపైన ఆ ఇంట్లో మెంతులు రాజముద్ర లేకుండా కదల్లేదు. పులుసు సాయంత్రం వంటకమైంది.

ఇక పొదుపు సంగతి. ఇదివరకు పాలవాడు తిరిగిచ్చిన పది రూపాయలు డబ్బాలో వెయ్యడానికి మూత తియ్యడం, మూత పెట్టడం, అంతే. ఇప్పుడు ముందు ఖాతాదారుగా పీట మీద కూర్చుని జమ చీటీ రాసేది. లేచి గట్టు అవతలికెళ్లి కేషియరుగా ఆ చీటీ అందుకునేది. పది రూపాయల నోటు వెలుతురులో పెట్టి అసలుదో కాదో చూసేది. తర్వాత కొంగు సర్దుకుని మేనేజరుగా కుర్చీలో కూర్చుని ఖాతాదారు సంతకం సరిచూసేది. ఒకరోజు ఇడ్లీ పిండి కలిపిన చేత్తో రాయడం వల్ల ఖాతాదారు సంతకం తేడా వచ్చింది. మేనేజరు ఆ చీటీ తిప్పి పంపింది.

"నీ సంతకం నువ్వే కాదంటే ఎలాగే?" అంది సూరాయమ్మ. ఆవిడ మధ్యాహ్నాలు నిద్ర మానుకుని మరీ ఇది చూస్తోంది.

"నాదేనని నాకు తెల్సండి. మేనేజరుకి తెలియాలి గదా."

పది రూపాయలు జమ కావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆ పాలు పన్నెండు రూపాయలు.

నెలాఖరు లోపల ప్రాధాన్య రంగానికి వెయ్యి రూపాయలు అప్పివ్వాలని లక్ష్యం వచ్చింది. లక్ష్యం చేరకపోతే శాఖకి జరిమానా. సత్యవేణి వెయ్యి రూపాయలు లెక్కపెట్టి అత్తగారి చేతిలో పెట్టింది. సూరాయమ్మ వాటిని రొంటిన దోపుకుంది.

"ఎప్పుడు తీరుస్తారండీ అత్తయ్యా? రిజిస్టర్లో రాయాలి."

"ప్రాధాన్య రంగం తీర్చదమ్మాయ్. ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు."

టైరు కోసం త్రిమూర్తులు కూడా దరఖాస్తు పెట్టాడు. ప్రజలకి రుణాలిచ్చే సదుపాయం ప్రస్తుతం ఈ శాఖలో లేదని అతనికి రాతపూర్వకంగా సమాధానం వచ్చింది. అన్నం వడ్డిస్తూ సత్యవేణే అందించింది.

*

ఇవన్నీ ఆమె నవ్వుతూనే భరించింది. బుధవారం పొద్దున్న వెంకన్నబాబు ఫోను చేసేసరికి నవ్వు పోయింది.

"చెల్లెమ్మా, కొట్టు శుక్రవారం మధ్యాన్నానికి ఖాళీ చెయ్యాలంటున్నారు. ఆ కర్రీ పాయింటాయన పదిహేనిస్తానని రెండుసార్లు వచ్చేడు. నీకు మాటిచ్చేనని ఆపేను. శుక్రవారం పన్నెండు దాటితే మాత్రం నాకు చోటు లేదమ్మా, ఇచ్చేస్తాను."

"వచ్చేస్తానన్నయ్యా. శుక్రవారం పదకొండుకల్లా అక్కడుంటాను."

ఫోను పెట్టేసి ఖాతాదారుగా పద్నాలుగు వేలకి చీటీ రాసింది. మేనేజరుగా డెబ్బై ఒకటో పేజీ తీసింది. అయిదు వేలు దాటిన చెల్లింపులకు పర్యవేక్షణాధికారి అనుమతి కావాలని అక్కడ ఉంది.

భుజంగరావుగారి ఆఫీసు మిఠాయి కొట్టు మీద మేడ గదిలో ఉంది. గదంతా నెయ్యి వాసన. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంత సొమ్ము దేనికమ్మా?"

"గ్రైండరు కొనుక్కోడానికండి. పిండి రుబ్బి అమ్ముకుంటాను."

"గ్రైండరు వ్యయమా, పెట్టుబడా?"

"తిరుగుద్దండి. పిండి నలుగుద్ది."

ఆయన ఆ విషయం ఫైలులో రాసుకున్నారు. "తమ శాఖలో ఉన్నది పదిహేనువేల నాలుగువందల పైచిలుకు. పద్నాలుగు వేలు బయటికి వెళితే మిగిలేది పద్నాలుగు వందలు. శాఖ కనీస నిల్వ అయిదు వేలు. శాఖ కుప్పకూలుతుంది. ప్రజల్లో ఆందోళన తలెత్తుతుంది."

"ప్రజలంటే ఎవరండి?"

"తమ భర్త."

"ఆయనకి నేను చెప్పుకుంటానండి. డబ్బు నాది. ఖాతాదారు నేను. నాకు ఏ ఆందోళనా లేదండి."

"ఖాతాదారుకు ఆందోళన లేదని మేనేజరు ధ్రువీకరించాలి. అది ఒత్తిడి మీద చేసినది కాదని కేషియరు ధ్రువీకరించాలి. ఆ మీదట ముప్పై రోజుల గడువుతో ముగ్గురికీ రిజిస్టరు పోస్టులో నోటీసులు పంపాలి. మొత్తం పదకొండు ఫారాలు."

"ముప్పై రోజులాండీ! ఎల్లుండి పన్నెండింటికల్లా కావాలి బాబూ."

"అమ్మా, సొంత డబ్బు విషయంలో తొందర పనికిరాదు. ఈ సంస్థ పుట్టిందే అందుకు," అన్నారాయన, కొంచెం ఆర్ద్రంగానే. తర్వాత ఇంకో కాగితం తీశారు. "పైగా మరొక సంగతి. తమ పక్కింటి కుమారిగారి జీలకర్ర డబ్బా కూడా మా శాఖే. ఒకే వీధిలో ముప్పై గజాల లోపల రెండు శాఖలుండటం వృథా. వచ్చే సోమవారం నుంచి తమ శాఖ కుమారిగారి శాఖలో విలీనమవుతుంది."

"విలీనమంటే?"

"నగదు ఆ డబ్బాలోకి వెళుతుంది. తమకు అక్కడ పూర్తి గౌరవం ఉంటుంది."

సత్యవేణి మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. కుమారి మంచిదే. ఉగాది రోజు గ్లాసుడు పంచదార పట్టుకెళ్లింది. ఆ గ్లాసు కూడా ఇంతవరకు తిరిగి రాలేదు.

*

గురువారం ఒంటిగంటన్నరకి శాఖకి భోజన విరామం ఇచ్చి, సత్యవేణి బెండకాయలు ముందు పెట్టుకుని నియమావళి మళ్లీ మొదటినుంచి చదివింది. డబ్బు తీసుకోవడానికి పదకొండు ఫారాలూ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నిజమే, పదకొండే. ఎక్కడా దగ్గరి దారి లేదు. నూట మూడో పేజీ దగ్గర కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

అక్కడ "నగదు మాయమగుట" అని ఒక చిన్న అధ్యాయం ఉంది. అరపేజీ. "కేషియరు నగదు అపహరించినచో మేనేజరు ఇరవైనాలుగు గంటలలోగా ఫారం ఒకటి మీద పర్యవేక్షణాధికారికి తెలియజేయవలెను." కింద ఖాళీ. గడువు లేదు, నోటీసు లేదు, కనీస నిల్వ మాటే లేదు. ఆమె పేజీ తిప్పి వెనకవైపు కూడా చూసింది. అక్కడ స్టాంపు ప్యాడులో సిరా ఎప్పుడెప్పుడు పోయాలో రాశారు, నాలుగు పేజీలు.

డబ్బు తీసుకోవాలంటే పదకొండు ఫారాలు. పోగొట్టుకోవడానికి ఒక్కటే.

సత్యవేణి పుట్టి బుద్ధెరిగాక ఎవరి సొమ్మూ ముట్టలేదు. కొట్టువాడు పొరపాటున రూపాయి ఎక్కువిస్తే వెనక్కెళ్లి ఇచ్చొచ్చే మనిషి. తన సొమ్ము తను దొంగతనం చెయ్యొచ్చునా అని ఆలోచిస్తూ నాలుగు బెండకాయలు మరీ చిన్న ముక్కలు తరిగేసింది.

"అత్తయ్యా," అంది చివరికి, "మన కేషియరు మీద మీ అభిప్రాయం ఏంటండి?"

"ఏ కేషియరే?"

"నేనేనండి."

సూరాయమ్మ కోడలి మొహం వంక చూసింది. పుస్తకం వంక చూసింది. చదువు రాకపోయినా ఆవిడకి ఆ పేజీ అర్థమైంది.

"నాకు మొదట్నించీ అనుమానమే," అంది. "వచ్చిన్నాటినించీ ఆ డబ్బా చుట్టూనే తిరుగుతా ఉండేది."

శుక్రవారం ఉదయం పది గంటలకి శాఖ తెరుచుకుంది. పది గంటల అయిదు నిమిషాలకి కేషియరు పద్నాలుగు వేల రూపాయలు చేతిసంచీలో వేసుకుని, ఆటో ఎక్కి పారిపోయింది. పోతూ పోతూ గట్టు తుడిచి, పొయ్యి కట్టేసి, అత్తగారికి మాత్రలు వేసుకొమ్మని చెప్పింది. పదకొండూ నలభైకి ట్రాలీ ఆటోలో గ్రైండరు దిగింది. అది దింపడానికి వీధిలో నలుగురు సాయం పట్టారు. పన్నెండింటికి మేనేజరు కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, ఎంతో విచారంతో ఫారం ఒకటి రాసింది.

*

సోమవారం భుజంగరావుగారు విచారణకొచ్చారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన ఎన్నో కనీస నిల్వలు చూశారు గాని నిజమైన నేరం చూడలేదు. చొక్కా కొత్తది వేసుకున్నారు.

సావిట్లో గ్రైండరు తిరుగుతోంది. శనివారం రుబ్బిన పిండి అయిపోయింది, ఆదివారం రుబ్బింది అయిపోయింది. ఆయన రాగానే సత్యవేణి స్విచ్చి తీసేసి చేతులు కడుక్కుని వచ్చింది.

"మేనేజరుగారూ, తమరు కూర్చోండి," అన్నారు ఆయన ఎంతో మర్యాదగా. ఆమె కూర్చుంది.

"మాయమైన సంగతి తమరు ఎప్పుడు గమనించారు?"

"వెంటనేనండి."

"శభాష్. అదీ అప్రమత్తత అంటే. ఇక కేషియరును పిలవండి."

సత్యవేణి లేచి నిలబడింది.

"సిగ్గు లేదటమ్మా?" అన్నారు భుజంగరావుగారు, మనిషే మారిపోయి. "నమ్మి తాళాలు చేతికిస్తే ఇంతటి పని చేస్తావా? మేనేజరుగారి మంచితనాన్ని ఇలాగేనా వాడుకునేది?"

"తప్పయిపోయిందండి."

"ఆమె ఎంత కుమిలిపోయి ఉంటారో ఆలోచించావా?"

"ఆలోచించానండి. అంతగా కుమిలిపోలేదండి."

"నువ్వు మాట్లాడకు! ఖాతాదారుగారిని పిలవండి. అమ్మా, తమకు జరిగిన నష్టానికి సంస్థ పక్షాన ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాను. తమరు ధైర్యంగా ఉండాలి."

"ఉంటానండి," అంది సత్యవేణి. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగా అంది.

సాక్షిగా సూరాయమ్మని పిలిచారు.

"కేషియరు ప్రవర్తన ఎలా ఉండేదండీ?"

"ఏం చెప్పమంటారు బాబూ. నిద్రలో కూడా డబ్బులు లెక్కెట్టేది. మేనేజరమ్మ దేవత. ఇద్దరికీ ఎలా పొసిగిందో ఈ ఇంటి గోడలకే తెలియాలి."

"కేషియరు ప్రస్తుతం పశ్చాత్తాపపడుతున్నదా?"

"పిండి రుబ్బుకుంటంది బాబూ."

చివరికి ప్రజల అభిప్రాయం కావలసి వచ్చింది. త్రిమూర్తులు మిల్లుకి వెళ్లబోతూ నాలుగో దోసె తింటున్నాడు.

"ప్రజల్లో ఆందోళన ఏమైనా ఉన్నదా?"

"చట్నీలో ఉప్పు తక్కువైందండి," అన్నాడతను. "అంతకు మించి ఏం లేదండి." అప్పటికే మిల్లులో పద్దెనిమిది మందికీ గ్రైండరు సంగతి తెలిసిపోయింది. వాళ్లు సలహాలేమీ ఇవ్వలేదు. పదకొండు మంది పిండికి అడ్వాన్సు ఇచ్చారు.

భుజంగరావుగారు అరగంట సేపు రాసి, లేచి నిలబడి చదివారు. కేషియరును ఉద్యోగం నుంచి తొలగించడమైనది. ఆమె అపహరించిన పద్నాలుగు వేలు నెలకు రెండువందల చొప్పున రాబట్టవలెను. అప్రమత్తతకు గాను మేనేజరుకు ప్రశంసాపత్రం ఇవ్వడమైనది. కేషియరు లేని శాఖ నడపరాదు కనుక, కొత్త కేషియరు నియామకం జరిగేవరకూ శాఖ మూసివేయడమైనది. నియామకానికి ప్రకటన రావాలి, పరీక్ష జరగాలి, రెండు మూడేళ్లు పట్టొచ్చు.

"మరి విలీనమండీ?" అంది సత్యవేణి. ఈసారి ఏ కుర్చీలోనూ కూర్చోకుండా అడిగింది.

"దొంగతనం జరిగిన శాఖను ఎవరు కలుపుకుంటారమ్మా? కుమారిగారు నిన్ననే రాతపూర్వకంగా నిరాకరించారు. కుటుంబ గౌరవం అన్నారు."

పచ్చ కాగితం గోటితో గీకి తీశారు. పెన్ను విప్పి సంచీలో వేసుకున్నారు. మెంతుల సీసా మీద కాగితం తడిపి తుడిస్తే గాని పోలేదు. పని పూర్తయ్యాక సూరాయమ్మ ఆయనకి పీట వేసి రెండు దోసెలు పెట్టింది. నేరం జరిగిన ఇంట్లో తినవచ్చునా అని భుజంగరావుగారు ఒక్క క్షణం సందేహించి, మేనేజరుగారి ఆతిథ్యం కింద తిన్నారు. మూడోది తనే అడిగారు.

అప్పుడే ఎదురింటావిడ గిన్నె పట్టుకొచ్చింది. "సత్యవేణీ, శేరు పిండి పొయ్యమ్మా. రేపటిక్కూడా నాకు పక్కన పెట్టు," అంటూ ఎనభై రూపాయలు చేతిలో పెట్టింది. సత్యవేణి పిండి కొలిచి పోసి, చెయ్యి తుడుచుకుని, ఆ ఎనభై రూపాయలూ అలవాటుగా కొంగు చివర ముడి వేసింది. అక్కడ అప్పటికే ఒక ముడి ఉంది. రెండు రోజుల అమ్మకం, కాస్త బరువుగానే ఉంది.

భుజంగరావుగారి దోసె ముక్క నోటి దగ్గర ఆగింది. ఆయన కళ్లు ఆ ముడి మీద పడ్డాయి. ఎడం చెయ్యి మెల్లగా సంచీలోకి వెళ్లింది, కొత్త పచ్చ కాగితం చివర బయటికి కనబడింది.

"అమ్మా," అన్నారు ఆయన, "ఆ కొంగు..."

సత్యవేణి నానిన మినప్పప్పు గుప్పెళ్లతో గ్రైండరులో వేసి స్విచ్చి నొక్కింది.

భుజంగరావుగారు గొంతు పెంచి మళ్లీ అడిగారు. పెదవులు కదలడం కనిపిస్తోంది. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినబడటం లేదన్నట్టు తల ఊపి, ఇంకో గుప్పెడు పప్పు వేసింది.